గ్రంథాలయ సిబ్బందికి సోషల్ మీడియా నియమాలు: ఎక్కడ తేడా వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి

జిల్లా కేంద్ర గ్రంథాలయం మొదలు మండలంలోని శాఖా గ్రంథాలయం దాకా ఇప్పుడు చాలా చోట్ల ఫేస్‌బుక్ పేజీయో, వాట్సాప్ గ్రూపో నడుస్తోంది. నియమాల సంగతి మాత్రం ఏదో ఒక గొడవ అయ్యాకే గుర్తొస్తుంది.

సమస్య: "నా ఫొటో ఎందుకు పెట్టారు?" అని పాఠకులు నిలదీస్తున్నారు

అన్నిటికన్నా పెద్దది ఇదే. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. హాలు నిండుగా కనిపిస్తే ఎవరికైనా ఫోన్ తీయాలనిపిస్తుంది. మేమూ అలాగే ఒక ఫొటో పెట్టాం. తర్వాత పెద్దది చేసి చూస్తే, బల్ల మీద తెరిచి ఉన్న ఇష్యూ రిజిస్టర్‌లో పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో అన్నీ చదవడానికి వీలుగా ఉన్నాయి. ఒకావిడ పేరు పక్కన విడాకుల చట్టం పుస్తకం. ఆ వరస ఆవిడ ఇంట్లోవాళ్ల కంట పడితే? వెంటనే తీసేశాం గానీ ఆ రోజంతా టెన్షనే.

కారణం: ఫొటోలో ఏది కనబడకూడదో ఎవరూ రాసి పెట్టలేదు.

పరిష్కారం: "ఎవరు ఏం చదువుతున్నారో బయటికి చెప్పం" అన్నది నియమాల్లో మొదటి వాక్యం కావాలి. ముందుగా అడగండి, వద్దంటే వెనక నుంచి తీయండి. రిజిస్టర్ మూసి, కంప్యూటర్ తెర ఆపి తీయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వాళ్ల ఫొటోకు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదువుకునే అమ్మాయిల్లో కొందరు ఫొటోల భయంతోనే రావడం మానేస్తారు. అది మనకు పెద్ద నష్టం.

సమస్య: బదిలీ అయినాయనతో పాటు పేజీ కూడా వెళ్లిపోయింది

సొంత నంబరుతో పేజీ తెరవడమే కారణం. గ్రంథాలయం పేరు మీద ఒక ఈమెయిల్, ఒక సిమ్ పెట్టుకోండి. అడ్మిన్లుగా ఇద్దరుండాలి. బదిలీ రోజు బీరువా తాళాలు అప్పగించినట్టే పాస్‌వర్డ్ కూడా అప్పగించి, కొత్తవారు వెంటనే మార్చుకోవాలి.

సమస్య: గ్రూపులో పుస్తకాల పీడీఎఫ్‌లు తిరుగుతున్నాయి

సాయం చేద్దామనే పంపుతారు. కానీ మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. దానికి బదులు ముఖచిత్రం, ఏ బీరువాలో ఉందో, ఎన్ని కాపీలున్నాయో పెట్టండి. మనిషి లోపలికి వస్తాడు.

సమస్య: సిబ్బంది సొంత ఖాతాలో పెట్టిన రాజకీయ పోస్టు గ్రంథాలయానికి చుట్టుకుంది

ప్రొఫైల్‌లో హోదా రాసుకుంటే జనం దాన్ని ఆఫీసు మాటగానే చూస్తారు. ప్రభుత్వోద్యోగులు రాజకీయాల్లో పాల్గొనకూడదని 1964 ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. ఆ ముక్క ఇక్కడా రాయండి. అలాగని సొంత జీవితం మీద నిఘా పెట్టకండి. పెడితే ఎవరూ పేజీ బాధ్యత తీసుకోరు.

సమస్య: విమర్శ వస్తే కామెంట్ తీసేస్తున్నారు

"ఫ్యాన్లు తిరగట్లేదు" అనేది విమర్శ కాదు, ఫిర్యాదు. రెండు రోజుల్లో జవాబివ్వాలి, ఎవరివ్వాలో పేరుతో సహా రాసుకోవాలి. బూతులుంటే స్క్రీన్‌షాట్ తీసి దాచాకే తొలగించండి.

సమస్య: నియమాలున్నాయి, ఎవరూ చదవరు

పది పేజీలుంటే అంతే. ఒక్క పేజీకి కుదించి, తెలుగులో, ఇష్యూ కౌంటర్ లోపలివైపు అంటించండి. అటెండర్ నుంచి గ్రంథపాలకుల దాకా అందరితో కూర్చుని రాయించండి. ఏటా వారోత్సవాలకు వారం ముందు మళ్లీ చదివి, మార్చాల్సింది మార్చండి.