ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ మార్చడం ఎలా?

ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్లే పెట్రోల్ ప్రెషర్‌ని అదుపులో ఉంచేది ఈ రెగ్యులేటర్. కంపెనీది తీసి, ప్రెషర్ మనమే మార్చుకోగల అడ్జస్టబుల్‌ది వేయడం గంట పని. కానీ అలా మార్పించుకుని మా కోనసీమలో నా దగ్గరికొచ్చే కార్లలో చాలావాటిది ఒకటే జబ్బు: ప్రెషర్ తప్పు.

ముందు బానెట్ ఎత్తి చూడండి. ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే పైపు) చివర రెగ్యులేటర్, దానికి సన్నటి వాక్యూమ్ గొట్టం, ట్యాంకుకు తిరిగెళ్లే రిటర్న్ పైపు ఉంటేనే ఈ పద్ధతి. చాలా కొత్త కార్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది. వాటి జోలికి వెళ్లకండి.

స్పానర్లు, ఎలెన్ కీ, గుడ్డ, మంటలార్పే సిలిండర్, ఆయిల్ నింపిన ప్రెషర్ గేజ్ కావాలి. మామూలు గేజ్ ముల్లు వణుకుతుంది, కొనకండి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) వైటాన్ అనే రకం రబ్బరుదే వాడాలి.

ఇంజిన్ చల్లారాక పంపు ఫ్యూజ్ పీకి స్టార్ట్ చేసి, దానంతటది ఆగేదాకా ఉంచండి. బ్యాటరీ నెగెటివ్ తీసి, గుడ్డ అడ్డం పెట్టి రెగ్యులేటర్ బోల్టులు విప్పి, పాతది తీయండి. ఉప్పుగాలికి మా వైపు బోల్టులు పట్టేస్తాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టాలి. కొత్త ఓ-రింగుకి చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి, కొత్త రెగ్యులేటర్‌ని రైలులోకి చేత్తో నొక్కండి. గోరుముక్కంత నల్ల పీలిక బయటికొస్తే రింగు తెగినట్టే, మార్చాలి. బోల్టులు, గొట్టాలు, గేజ్ బిగించి, ఫ్యూజ్, బ్యాటరీ పెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి లీకు చూడండి.

ఇక అసలు పని. ఇంజిన్ స్టార్ట్ చేసి, వాక్యూమ్ గొట్టం రెగ్యులేటర్ నుంచి పీకి, ఆ గొట్టం నోరు మూసేయండి. గొట్టం పీకాకే ప్రెషర్ పెట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ రెగ్యులేటర్ లోపలి పల్చటి పొరని (డయాఫ్రం) లాగి, ప్రెషర్‌ని దాదాపు అర బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) తగ్గిస్తుంది. గొట్టం ఉండగా గేజ్‌లో 3 బార్ పెడితే అసలు పెట్టింది 3.5 అవుతుంది. ఇంజెక్టర్ వదిలే పెట్రోల్ సుమారు 8 శాతం పెరుగుతుంది. ప్లగ్గులు నల్లబడి, మైలేజీ పడిపోయాక ఇంజెక్టర్లను తిట్టుకుంటారు.

లాక్ నట్ వదులు చేసి స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పండి. బిగిస్తే ప్రెషర్ పెరుగుతుంది. ప్రతిసారీ ముల్లు నిలకడగా ఆగేదాకా చూడండి. మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెకే పెట్టండి. చాలా కార్లకు అది 3 బార్ దగ్గర ఉంటుంది. పికప్ కోసం పెంచమని ఎవరడిగినా నేను పెంచను. ఇంజిన్ చప్పుడు విని పెట్టే పద్ధతీ వద్దు, అర బార్ తేడా చెవికి తెలియదు.

లాక్ నట్ బిగించేటప్పుడు ఎలెన్ కీతో స్క్రూని కదలకుండా పట్టుకోండి. లేకపోతే నట్టుతోపాటు అదీ తిరిగి, పడ్డ కష్టమంతా పోతుంది. బిగించాక గేజ్ మళ్లీ చూసి, గొట్టం తగిలించండి. ముల్లు వెంటనే కిందికి దిగాలి. దిగకపోతే గొట్టం చిరిగిందేమో చూడండి.

పది నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, రైలు కింద తెల్ల కాగితం పరిచి ఉంచండి. మర్నాడు పొద్దున దానిమీద మరక గానీ, బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన గానీ ఉంటే స్టార్ట్ చేయకుండా ఓ-రింగ్ మళ్లీ విప్పండి.