అర్రే స్లైసింగ్: ఆ చివరి నంబర్ ఎందుకు రాదు?

స్లైసింగ్ అంటే అర్రేలోంచి, అంటే వరసగా పేర్చిన విలువల్లోంచి, [2:5] లాంటి నంబర్లతో ఒక ముక్క కోసి తీసుకోవడం. ఇందులో బిగినర్స్ అందరూ ఇరుక్కునేది ఒక్కచోటే, రెండో నంబర్ దగ్గర. అందుకే ముందు దాని సంగతే చూద్దాం. ఊరికే చదివి వదిలేయకుండా పైథాన్ షెల్ ఓపెన్ చేసి పక్కన టైప్ చేస్తూ ఉండండి, లేదంటే సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. పైథాన్‌లో అర్రే పని మామూలుగా లిస్టుతోనే కానిచ్చేస్తాం కాబట్టి ఇక్కడా లిస్టే. హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాటాక వరసగా వచ్చే స్టేషన్లు తీసుకుందాం (పైథాన్ 3లో వేరియబుల్ పేరు తెలుగులో పెట్టినా నడుస్తుంది, ఆఫీస్ కోడ్‌లో మాత్రం పెట్టకండి, టీమ్ లీడ్ ఊరుకోడు):

దారి = ["పంజాగుట్ట", "ఇర్రం మంజిల్", "ఖైరతాబాద్", "లక్డీకాపూల్", "అసెంబ్లీ", "నాంపల్లి", "గాంధీభవన్"]

లెక్క సున్నా నుంచి మొదలు. పంజాగుట్ట 0, ఇర్రం మంజిల్ 1, అలా పోతే గాంధీభవన్ 6. ఇప్పుడు ఇది కొట్టండి:

దారి[2:5]

ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ వస్తాయి. మరి 5 అంటే నాంపల్లి కదా, అదేది? కోలన్‌కి అటూ ఇటూ ఉన్న నంబర్లు స్టేషన్లు కావు, ఎక్కడ కొయ్యాలో చెప్పే గీతలు. 2 అంటే ఖైరతాబాద్ ముందున్న గీత, 5 అంటే నాంపల్లి ముందున్న గీత, ఆ రెండింటి మధ్యలో ఉన్నదే మన చేతికొస్తుంది. ఇలా పెట్టడం వల్ల లాభం ఏంటంటే 5లోంచి 2 తీసేస్తే 3, వచ్చినవీ మూడే, ఇంక వేళ్లు లెక్కపెట్టే పని లేదు. పైగా దారి[:3], దారి[3:] రెండూ కలిపితే ఒక్క స్టేషన్ కూడా రిపీట్ కాకుండా, మిస్ కాకుండా మొత్తం లిస్ట్ వచ్చేస్తుంది. డచ్ కంప్యూటర్ సైంటిస్ట్ డైక్‌స్ట్రా 1982లోనే సున్నా నుంచి లెక్కపెట్టి చివరిది వదిలేయడమే మంచి పద్ధతి అని వాదించాడు, నాకూ ఆయన మాటే కరెక్ట్ అనిపిస్తుంది.

మొదటి నంబర్ రాయకపోతే మొదట్నుంచి, రెండోది రాయకపోతే చివరిదాకా. మైనస్ పెడితే వెనక నుంచి లెక్క, అంటే దారి[-2:] కొడితే నాంపల్లి, గాంధీభవన్. మూడో నంబర్ పెడితే అది అంగ: దారి[::2] అంటే స్టేషన్ విడిచి స్టేషన్. దారి[::-1] అంటే మొత్తం రివర్స్.

రివర్స్‌లో కాస్త చూసుకోవాలి. దారి[5:2] కొడితే ఖాళీ లిస్ట్ వస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. దారి[5:2:-1] అనాలి, అప్పుడు నాంపల్లి, అసెంబ్లీ, లక్డీకాపూల్ వస్తాయి, ఖైరతాబాద్ రాదు.

ఈ ఎర్రర్ ఇవ్వకపోవడమే అసలు డేంజర్. దారి[50] అంటే పైథాన్ వెంటనే అరుస్తుంది గానీ దారి[2:50] అంటే ఉన్నకాడికి ఇచ్చేసి సైలెంట్‌గా ఉంటుంది. ఇంకోటి చూడండి, ఇది సీనియర్లని కూడా పట్టుకుంటుంది: చివరి కొన్ని స్టేషన్లు కావాలని దారి[-ఎన్:] రాశారు, ఎన్ 3 ఉన్నంతసేపు బానే ఉంది, ఒకరోజు ఎన్ సున్నా అయింది. మైనస్ సున్నా అన్నా సున్నాయే కదా, ఏమీ రాకూడని చోట మొత్తం ఏడు స్టేషన్లూ వచ్చి కూర్చుంటాయి. ఎన్ సున్నా అయ్యే ఛాన్స్ ఉంటే మైనస్ నమ్ముకోకుండా లిస్ట్ పొడవులోంచి తీసేసి దారి[7-ఎన్:] లాగా రాయండి, ఏడు బదులు లిస్ట్ పొడవు తెచ్చే ఫంక్షన్ len(దారి) పెట్టుకోండి.

ఇంక కాపీ సంగతి. లిస్టుని స్లైస్ చేస్తే కొత్త లిస్ట్ తయారవుతుంది, అందులో ఒక స్టేషన్ పేరు మార్చినా పాతది అలాగే ఉంటుంది. లిస్ట్ లోపల ఇంకో లిస్ట్ ఉంటే మాత్రం ఆ లోపలిది రెండింటికీ కామన్. నంపై (NumPy, పైథాన్‌లో నంబర్ల లెక్కలకి వాడే లైబ్రరీ) అర్రేలో కథ వేరు, అక్కడ మామూలు స్లైస్ కాపీ కాదు, అదే డేటాని చూపించే కిటికీ లాంటిది, స్లైస్‌లో ఒక విలువ మారిస్తే అసలు అర్రేలోనూ మారిపోతుంది. పెద్ద డేటా ఊరికే కాపీ అవ్వకుండా అలా పెట్టారు, మంచిదే, కానీ లిస్ట్ అలవాటుతో వచ్చినవాళ్లు ఒరిజినల్ డేటా పాడుచేసుకునేది ఇక్కడే. విడిగా కావాలంటే స్లైస్ చివర డాట్ కాపీ, అంటే .copy() తగిలించండి.

జావాస్క్రిప్ట్‌కి వెళ్తే స్లైస్, స్ప్లైస్ అని రెండున్నాయి. స్లైస్ పైథాన్ లాగే గీతల లెక్క, అసలు అర్రేని ముట్టుకోదు. స్ప్లైస్‌లో రెండో నంబర్ ఎక్కడిదాకా అని కాదు, ఎన్ని అని, పైగా అవన్నీ అసలు అర్రేలోంచి పీకేస్తుంది, ఎంటర్ కొట్టేముందు స్పెల్లింగ్ ఒకసారి చూసుకోండి.