పెంపుడు కుక్కకు మూత్రం కారుతుంటే — మూడవ పాఠం: ఇంట్లో గమనించడం, కొలవడం, నమూనా పట్టడం

మూత్రాశయం ఎలా నిండుతుందో, దాని ద్వారం వద్దనున్న కండరం మూత్రాన్ని ఎలా బిగించి ఉంచుతుందో గత పాఠాలలో తెలుసుకున్నాము. పశువైద్యుని వద్ద ఉన్న కొద్దిసేపటిలో కుక్క ఒక్క చుక్క కూడా కార్చకపోవచ్చు కనుక, ఆయనకు కావలసిన ఆధారాలను ఇంట్లో మీరే సమకూర్చుకోవాలి.

ముందుగా తేల్చుకోవలసింది, కుక్క తనకు తెలిసి మూత్రం పోస్తున్నదా, తెలియకుండానే కారిపోతున్నదా అన్నది. నిద్రలేచిన తరువాత పడుకున్న చోటు తడిసి ఉండి, తడిసిన సంగతి కుక్కకే తెలియనట్లుంటే అది కారడమే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కలలో, కొన్ని నెలలకో కొన్నేళ్లకో, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గినందువల్ల మూత్రాశయ ద్వారపు కండరం పట్టు సడలి ఇలా జరుగుతుంది. వీటిలో చాలావాటికి మందులతో గుణం కనిపిస్తుంది. మాటిమాటికీ కూర్చుని కొద్దికొద్దిగా పోస్తూ ముక్కుతుంటే, లేదా రక్తపు చాయ కనబడితే, మూత్రాశయంలో ఇన్ఫెక్షన్‌నో రాళ్లనో అనుమానించాలి. చిన్ననాటి నుంచీ ఎప్పుడూ తడిగానే ఉండే కుక్కపిల్లలో, మూత్రపిండం నుంచి మూత్రాన్ని తెచ్చే నాళం పుట్టుకతోనే తప్పు చోట కలిసి ఉండవచ్చు. మన కడప జిల్లా ఇళ్లలో పరిచే నల్లని కడప బండల మీద తడి సరిగా కనబడదు కాబట్టి, కుక్క పడుకునే చోట పాత తెల్ల పంచె పరచండి. మరక ఎంత వెడల్పు, ఏ రంగు, ఏ వేళ అన్నది రాసిపెట్టండి.

రెండవది నీటి కొలత. దీనిని చాలామంది వదిలేస్తారు గాని, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా విలువైనది. ఉదయం కొలిచిన నీటిని గిన్నెలో పోసి, మధ్యలో పోసినదంతా కలుపుకుని, మరునాటి ఉదయం మిగిలినది తీసివేస్తే రోజు మొత్తం తాగినది తెలుస్తుంది. సంగటిలోనో అన్నంలోనో కలిపిన మజ్జిగను, పాలను కూడా విడిగా రాయాలి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు మించితే, అంటే 12 కిలోల కుక్క 1200 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ తాగుతుంటే, లోపం మూత్రాశయ ద్వారం వద్ద కాక మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటి వాటిలో ఉండవచ్చు. స్టెరాయిడ్ మందులు కూడా దాహం పెంచుతాయి. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో ఆరోగ్యంగా ఉన్న కుక్క సైతం ఎక్కువే తాగుతుంది కనుక, ఒక్కరోజు లెక్కతో తీర్మానించక వరుసగా మూడు రోజులు కొలవండి. తడి తగ్గుతుందని రాత్రిళ్లు నీటి గిన్నె తీసివేయడం మాత్రం ఎన్నటికీ చేయకండి. మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కకు అది ప్రాణాపాయం.

ఇక నమూనా. ఉదయం మొదటిసారి పోసేటప్పుడు, బాగా కడిగి ఆరబెట్టిన పొడవు కాడ గరిటెను వెనుక నుంచి మెల్లగా జరిపి, మధ్యధారను పట్టి, మందుల షాపులో దొరికే మూతడబ్బాలో పోయండి. గంటలోపు పరీక్షకు చేరాలి; కడప నుంచి ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాల వరకు వెళ్లేవారు డబ్బాను మంచుగడ్డలున్న సంచిలో ఉంచుకోవాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను ముందే వేస్తే, మూత్రంలోని క్రిములను పెంచి గుర్తించే కల్చర్ పరీక్షలో క్రిమి పట్టుబడకపోవచ్చు. ఆ పరీక్షకు ఇంట్లో ఇలా పట్టిన మూత్రం సరిపడదని, పొట్ట మీదుగా మూత్రాశయంలోకి సూది గుచ్చి వైద్యుడే మూత్రం తీసుకోవచ్చు. అందుకు భయపడనవసరం లేదు.

ఎంత ముక్కినా చుక్క రాకపోయినా, వెనుక కాళ్లు ఈడుస్తున్నా ఈ మూడు రోజుల లెక్క కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

అభ్యాసం: తేదీ, తాగిన నీరు, తడి కనబడిన వేళ, అప్పుడు కుక్క నిద్రలో ఉన్నదా నడుస్తున్నదా అనే నాలుగు గడులతో పట్టిక గీసి నింపండి; దానితో పాటు ఆపరేషన్ జరిగిన నెల, వాడుతున్న మందుల పేర్లు, ప్రస్తుత బరువు రాయండి. ఆ పట్టికను చూసి వైద్యుడు ఏ పరీక్షలు రాస్తారో, వాటి ఫలితాలను ఎలా చదువుకోవాలో నాల్గవ పాఠంలో నేర్చుకుందాము.