డిజైన్ ఎన్నిసార్లు మార్చినా కుదరట్లేదా? తేడా యాడుందో చూద్దాం

నెల్లూరులో షాపు బోర్డు కానీ పచ్చడి సీసా లేబుల్ కానీ, డిజైనర్‌కి వెళ్ళే మొదటి మెసేజ్ దాదాపు ఇట్టానే ఉంటది, "బ్రో మంచి డిజైన్ ఒకటి కావాలి, కొంచెం రిచ్‌గా". ఇక అక్కడ్నుంచి కరెక్షన్ల మీద కరెక్షన్లు, చివరికి ఇద్దరికీ విసుగు. ఇందులో డిజైనర్‌కి పని రాకపోవడం తక్కువ, మనం బ్రీఫ్ రాసివ్వకపోవడమే ఎక్కువ. బ్రీఫ్ అంటే పెద్ద విషయమేం కాదు, ఏం కావాలి, ఎవరి కోసం, యాడ వాడతాం, ఎప్పటికి కావాలి అనేది పని మొదలవకముందే రాసిచ్చే ఒక పేజీ.

సమస్య: ఎన్ని శాంపిల్స్ చూపించినా "ఏదో తక్కువైంది" అనిపిస్తోంది

కారణం ఆ "రిచ్‌గా", "గ్రాండ్‌గా" అనే మాటలే. వెంకటగిరి చీరలమ్మే ఆయనకి రిచ్ అంటే జరీ అంచు, బంగారు రంగు. డిజైనర్ కుర్రాడికి రిచ్ అంటే బోలెడంత ఖాళీ జాగాలో సన్న అక్షరాలు. ఇద్దరూ కరెక్టే, కానీ డిజైన్ మాత్రం కుదరదు.

ఆ మాటలు కొట్టేసి కొనేవాళ్ళ గురించి రాయండి. "పెళ్ళి చీరలకి ఇంటిల్లిపాదీ వస్తారు, పెద్దావిడ సరే అంటేనే బిల్లు పడుద్ది, బోర్డు చూడగానే ఆమెకి పాత నమ్మకమైన షాపు అనిపించాలి" అని రాస్తే డిజైనర్‌కి దారి దొరుకుద్ది. నచ్చిన డిజైన్లతో పాటు నచ్చనివి కూడా రెండు పంపి, ఎందుకు నచ్చలేదో ఒక్క ముక్క రాయండి, నిజానికి నచ్చినవాటికంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి.

సమస్య: లేబుల్ ఓకే అయ్యాక మ్యాటర్ పట్టట్లేదు

రొయ్యల పచ్చడి సీసాల విషయంలో ఇది మరీ ఎక్కువ. లోగో, రొయ్య బొమ్మ అన్నీ బాగా కుదిరాక అప్పుడు గుర్తొస్తాయి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఫుడ్ లైసెన్స్) నంబరు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎప్పట్లోపు వాడాలి, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారో, అడ్రసు, నాన్‌వెజ్ అని చెప్పే బ్రౌన్ త్రికోణం గుర్తు. అవన్నీ ఇరికించేసరికి లోగో బఠాణీ గింజంత అయిపోద్ది.

మ్యాటర్ ముందు, డిజైన్ తర్వాత. సీసా చుట్టూ తెల్లకాగితం చుట్టి లేబుల్ ఎంతవరకు వస్తదో అంతకి కత్తిరించండి, స్కేలుతో కొలిచి పొడవు వెడల్పు మిల్లీమీటర్లలో రాసుకోండి, తర్వాత ఆ కాగితం మీదే పెన్నుతో మొత్తం మ్యాటర్ రాసి చూడండి. పట్టకపోతే పెద్ద సీసానా, వెనకాల ఇంకో లేబులా అనేది అప్పుడే తేలిపోద్ది. ఆ కాగితం, టైప్ చేసిన మ్యాటర్ రెండూ కలిపి ఇచ్చేయండి.

సమస్య: ప్రింట్‌లో రంగు మారింది, ఫొటో మసకగా వచ్చింది, ఒత్తులు ఎగిరిపోయాయి

యాడ వాడతారో చెప్పకపోవడం వల్ల. ఫోన్ స్క్రీన్ రంగులు వేరు, ప్రింటింగ్ ఇంకులు వేరు. ఫ్లెక్సా, విజిటింగ్ కార్డా, ఇన్‌స్టాగ్రామా, అన్నీ ముందే రాయండి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోద్ది, డాక్యుమెంట్‌గా పంపండి. తెలుగు మ్యాటర్ యూనికోడ్‌లో (ఫోన్‌లో మామూలుగా టైప్ చేసే తెలుగు) టైప్ చేసి పక్కనే పీడీఎఫ్ కూడా పెట్టండి, డీటీపీ వాళ్ళు వాడే 'అను' అనే ఫాంట్లలోకి మార్చేటప్పుడు అక్షరం చెడితే పోల్చి చూసుకోవచ్చు.

సమస్య: బ్రోచర్ బ్రహ్మాండంగా ఉంది, ఎంక్వైరీలు మాత్రం లేవు

చీమకుర్తి గ్రానైట్ వాళ్ళని తీసుకోండి. బ్రీఫ్‌లో "16 పేజీల బ్రోచర్" అని వస్తువు పేరు రాస్తారు, అది చేయాల్సిన పని రాయరు. దాంతో కంపెనీ చరిత్ర, ఎండీ గారి ఫొటో, ఆఫీసు ఫొటో వచ్చేస్తాయి. విదేశాల్లో కొనేవాడు వెతికేది స్లాబ్ సైజు, మందం, పాలిష్, అన్నిటికంటే ముందు గెలాక్సీ అనే అక్కడి నల్ల గ్రానైట్ రాయిలో ఆ బంగారు చుక్కలు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయనేది.

కాబట్టి బ్రీఫ్‌లో మొదటి లైను, "ఇది చూశాక ఎదుటి మనిషి ఏం చేయాలి?" జవాబు "శాంపిల్ అడగాలి" అయితే చుక్కలు స్పష్టంగా కనపడే ఫొటోలు కావాలి, అవి ఫోన్‌తో నిలబడి తీస్తే రావు, ఫొటోగ్రాఫర్ ఖర్చు ఎవరిదో కూడా అక్కడే రాసుకోవాలి.

సమస్య: ఫైనల్ అన్నాక బావమరిది వచ్చి మార్చమంటున్నాడు

ఓకే చెప్పేది ఎవరో తేల్చలేదు, అదే కారణం. ఇంట్లోవాళ్ళ, పార్ట్‌నర్ల అభిప్రాయాలన్నీ బ్రీఫ్ రాసేటప్పుడే తీసుకోండి, ఆ తర్వాత ఒక్కళ్ళ పేరే రాయండి, ఎన్ని విడతల కరెక్షన్లో కూడా.

సమస్య: టైముకి చేతికి రాలేదు

"అర్జెంట్" అనేది తేదీ కాదు. రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర స్టాల్ పెట్టేవాళ్ళు ఇది బాగా గమనించాలి, పండగ మొహర్రంతో వస్తది కాబట్టి మన క్యాలెండర్‌లో ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తది, పోయినేడాది తేదీ లెక్కేసుకుని ఆర్డరిస్తే ఫ్లెక్స్ వచ్చేసరికి జనం వెళ్ళిపోతారు. సరుకు చేతిలో ఉండాల్సిన రోజు రాసి, అందులోంచి ప్రింటింగ్‌కి, ప్రూఫ్ చూడ్డానికి, కరెక్షన్లకి రోజులు తీసేసి డిజైనర్‌కి తేదీ ఇవ్వండి.