ఏడీ గ్రూపుల్ని లినక్స్ ఫైల్ సర్వర్‌లో మ్యాప్ చేయడం ఎలా

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు వైపు చిన్న ఆఫీసుల్లో తరచూ కనిపించే సెటప్ ఇది, స్టాఫ్ అందరికీ విండోస్ లాప్‌టాప్‌లు, లాగిన్ యాక్టివ్ డైరెక్టరీలో (ఏడీ, అంటే యూజర్లనీ గ్రూపుల్నీ ఒకేచోట ఉంచే మైక్రోసాఫ్ట్ సిస్టమ్), ఫైళ్లు మాత్రం సాంబా (లినక్స్ ఫైళ్లని విండోస్‌కి షేర్ చేసే సాఫ్ట్‌వేర్) ఉన్న ఉబుంటు సర్వర్‌లో. అక్కడ అడ్మిన్‌గా చేరిన మన కుర్రాళ్లు అడిగేది కూడా ఒకటే, "అన్నా, అమ్మాయిని అకౌంట్స్ గ్రూప్‌లో యాడ్ చేశా, అయినా ఫోల్డర్ ఓపెన్ అవట్లేదు".

ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే రెండు వైపులా గ్రూప్ పేరు ఒకటే పెట్టినంత మాత్రాన ఏం కలవదు. విండోస్ గ్రూప్‌ని ఎస్‌ఐడీ అనే పొడవాటి ఐడీతో గుర్తుపడుతుంది, దాని చివరి ముక్కే ఆర్‌ఐడీ, లినక్స్‌కేమో జీఐడీ అనే నంబర్ కావాలి. ఈ రెండిటికీ లంకె వేసేది సాంబాతో వచ్చే విన్‌బైండ్ సర్వీస్.

సర్వర్‌ని డొమైన్‌లో (మీ ఆఫీసు ఏడీలో) జాయిన్ చేసేముందు టైమ్ చూస్కోండి, మామూలు సెట్టింగ్స్‌లో ఏడీ సర్వర్‌తో 5 నిమిషాలు దాటి తేడా ఉంటే కెర్బెరోస్ (ఏడీ లాగిన్‌ని సరిచూసే పద్ధతి) ఒప్పుకోదు. తర్వాత సాంబా కాన్ఫిగ్ ఫైల్లో గ్లోబల్ సెక్షన్‌లో ఐడీమ్యాప్ లైన్లు (ఏ ఎస్‌ఐడీకి ఏ నంబర్ ఇవ్వాలో చెప్పేవి) రాయాలి, స్టార్ గుర్తుకి, అంటే మీ డొమైన్ కాని మిగతా వాటికి, టీడీబీ బ్యాకెండ్ (నంబర్ ఇచ్చే పద్ధతి), రేంజ్ 3000 నుంచి 7999, మీ డొమైన్‌కి రిడ్ బ్యాకెండ్, రేంజ్ 10000 నుంచి 999999. రేంజ్‌లు ఒకదాని మీద ఒకటి పడకూడదు.

డొమైన్‌కి రిడ్డే ఎందుకంటే అందులో లెక్క ఫిక్స్‌డ్‌గా ఉంటుంది, ఆర్‌ఐడీకి రేంజ్ మొదటి నంబర్ కలిపితే అదే జీఐడీ. డొమైన్ యూజర్స్ ఆర్‌ఐడీ ఎక్కడైనా 513, కాబట్టి ఇక్కడ 10513 అవుతుంది, మీ అకౌంట్స్ గ్రూప్ ఆర్‌ఐడీ 1105 అయితే 11105. రేపు ఇంకో సర్వర్ పెట్టి ఇవే లైన్లు రాస్తే అక్కడా అదే నంబర్ వస్తుంది. టీడీబీ అలా కాదు, ఎవరు ముందొస్తే వాళ్లకి తర్వాతి నంబర్ ఇచ్చేస్తుంది, రెండు సర్వర్లలో వేరేవేరే వస్తాయి, బ్యాకప్ తీసి రెండోదాంట్లో వేశాక జీతాల ఫోల్డర్ ఇంకెవరికో ఓపెన్ అవ్వొచ్చు. ఇంకోటి, వాడకం మొదలయ్యాక రేంజ్ మాత్రం మార్చకండి ప్లీజ్, డిస్క్ మీద ఫైల్‌కి పేరు ఉండదు, నంబరే ఉంటుంది.

ఎన్‌ఎస్‌స్విచ్ ఫైల్లో (లినక్స్ యూజర్లనీ గ్రూపుల్నీ ఎక్కడ వెతకాలో చెప్పేది) passwd, group లైన్ల చివర విన్‌బైండ్ అని చేర్చి సర్వీసులు రీస్టార్ట్ చేయండి. గ్రూపులు చూపించే గెటెంట్ గ్రూప్ కమాండ్ ఊరికే కొడితే డొమైన్ గ్రూపులు కనపడవు, కంగారు పడొద్దు, లిస్టింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, గ్రూప్ పేరు ఇచ్చి అడగండి, 11105 వస్తే అయిపోయినట్టే.

ఫోల్డర్‌కి ఆ గ్రూప్‌ని ఓనర్ చేసి పర్మిషన్ 2770 ఇవ్వండి, ముందున్న 2 వల్ల లోపల కొత్తగా చేసే ఫైళ్లకీ అదే గ్రూప్ వస్తుంది. పాత ట్యుటోరియల్స్‌లో నెట్ గ్రూప్‌మ్యాప్ కమాండ్ కనిపిస్తుంది, ఏడీలో చేరిన సర్వర్‌లో డొమైన్ గ్రూపులకి అది అక్కర్లేదు.

ఇంతా చేసి ఇంకా ఓపెన్ కాకపోతే ఆ అమ్మాయిని విండోస్‌లో సైన్ అవుట్ అయ్యి మళ్లీ లాగిన్ అవ్వమనండి, గ్రూపుల లిస్టు లాగిన్ టైమ్‌లో వచ్చే కెర్బెరోస్ టికెట్‌లోనే ఉంటుంది. సర్వర్ వైపు నెట్ క్యాష్ ఫ్లష్ కొట్టి, ఐడీ కమాండ్‌కి ఆమె యూజర్‌నేమ్ ఇచ్చి చూడండి, అందులో 11105 ఉందో లేదో తెలిసిపోతుంది.