ఫొటోలతో చేసే అలంకరణ వస్తువులు: రంగు కరగడం, ముడతలు, తెల్లపొర

ఫొటోలను చెక్క పలకలపైనో, పెట్టెలపైనో అతికించేటప్పుడు పని చెడితే చాలామంది జిగురును తప్పుపడతారు గాని, లోపం తరచుగా ప్రింటులోనే ఉంటుంది. ఏది చేసినా అసలు ఫొటోను పక్కన పెట్టి, స్కాన్ చేసి తీసిన ప్రతినే వాడాలి.

సమస్య: జిగురు పూయగానే రంగులు అలుక్కుపోతున్నాయి.
చాలా ఇంక్‌జెట్ ప్రింటర్ల సిరా నీటిలో కరుగుతుంది. మనం వాడే తెల్ల జిగురులో నీరే ఎక్కువ. లేజర్ ప్రింటరు వాడే టోనరు వేడికి కరిగి కాగితానికి అంటుకునే ప్లాస్టిక్ పొడి కాబట్టి తడికి చెదరదు. అందువల్ల లేజర్ ప్రింటు తీసుకోవడమే మేలు. ఇంక్‌జెట్ తప్పనిసరైతే, ప్రింటును పూర్తిగా ఆరనిచ్చి, గాలి ఆడే చోట పారదర్శకమైన ఆక్రిలిక్ స్ప్రేను పల్చగా రెండు మూడు పూతలు కొట్టాలి. వృథా ముక్కపై తడి వేలితో రుద్ది చూస్తే సంగతి ముందే తెలిసిపోతుంది.

సమస్య: ముడతలు, బుడగలు వస్తున్నాయి.
తడిసిన కాగితం సాగుతుంది. జిగురు మందంగా ఉంటే కింద గాలి కూడా చిక్కుకుంటుంది. జిగురును పల్చగా, అంచుల దాకా పూసి, ప్రింటును మధ్యలో ఆనించి, పాత ప్లాస్టిక్ కార్డుతో బయటి వైపుకు నొక్కుతూ పోవాలి. ఆరాక కనిపించిన బుడగను బ్లేడుతో సన్నగా గాటు పెట్టి, లోపలికి కాస్త జిగురు పంపి అదమవచ్చు.

సమస్య: చెక్కపైకి దించిన బొమ్మ మీద తెల్లటి పొర మిగిలింది.
ఈ పద్ధతిలో లేజర్ ప్రింటును జెల్ మీడియంతో (ఆక్రిలిక్ రంగులతో వాడే, జిగురులా అంటుకునే చిక్కటి పదార్థం) బోర్లా అతికించి, రాత్రంతా ఆరనిచ్చి, వెనుక కాగితాన్ని తడిపి రుద్ది తీసేస్తారు. తడిగా ఉన్నప్పుడు కనిపించని కాగితపు నార ఆరగానే తెల్లగా తేలుతుంది కనుక, ఒకేసారి గట్టిగా రుద్దకుండా, ఆరిన ప్రతిసారీ మళ్లీ తడిపి వేలి కొసతో మెల్లగా తీయాలి. తొందరపడితే ముఖంలోని టోనరు కూడా లేచిపోతుంది. చివర మిగిలే పలుచని మసక వార్నిష్ పూతతో చాలావరకు పోతుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి గనుక ప్రింటుకు ముందే అద్దంలో కనబడినట్టు తిప్పుకోవాలి.

సమస్య: ముఖాలు గళ్లుగళ్లుగా కనిపిస్తున్నాయి.
మెసేజింగ్ యాప్‌లు ఫొటోను కుదించి పంపుతాయి. దగ్గరనుంచి చూసే వస్తువుకు అంగుళానికి 300 పిక్సెళ్లు మంచి కొలత; అంటే 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు కావాలి. అందుకే కుదించుకుపోకుండా ఫొటోను డాక్యుమెంటుగా పంపించుకోండి.