మూడు ఊళ్లు, మూడు డబ్బాలు: ఇంటి నాస్‌లను దూరం నుంచి చూసుకోవడం ఎట్లా

నల్లగొండలో బాపు, అమ్మ. మహబూబ్‌నగర్‌లో అక్క. మిర్యాలగూడలో చిన్నాయన. ఇంటికో నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ వాడుకునే డిస్కుల డబ్బా) పెట్టి, ఒకరి ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు ఇంకో ఇంట్లో కూడా ఉండేలా చేయాలంటే పనంతా డబ్బా బిగించే రోజే పూర్తి కావాలి. బస్సెక్కినంక ఫోన్లో "అమ్మా, వెనక నీలం వైరు పీకి మళ్లీ పెట్టు" అనడం కష్టం.

ముందు రౌటర్లు. చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. ఇండ్లను కలిపినప్పుడు ఈ నంబర్లు కొట్టుకుంటాయి. నల్లగొండకు 192.168.11, మహబూబ్‌నగర్‌కు 12, మిర్యాలగూడకు 13 అని వరుస మార్చండి. నాస్‌కు మాత్రం అన్ని ఇండ్లలో చివర 10 రిజర్వ్ చేస్తే గుర్తుంటుంది.

రౌటర్‌లో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ ఇంటికిచ్చే అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది సీజీనాట్, అంటే చాలా ఇండ్లకు కలిపి బయటికి ఒకే అడ్రసు. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్లు నాస్‌కు రావడానికి రౌటర్‌లో తలుపు తెరవడం) ఎంత చేసినా బయటినుంచి దారి దొరకదు. దొరికినా చేయొద్దు. 2022లో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళమేసి డబ్బులడిగే వైరస్) ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచిపెట్టిన క్యూనాప్ కంపెనీ నాస్ డబ్బాలను లాక్ చేసింది. టెయిల్‌స్కేల్ (మీ డబ్బాలను మాత్రమే కలిపే ప్రైవేటు నెట్‌వర్క్ యాప్) వేసుకుంటే రెండు బాధలూ పోతాయి. కానీ రెండు మెలికలున్నాయి. మామూలుగా దాని కీ (డబ్బా లాగిన్ గుర్తు) 180 రోజులకు ముగుస్తుంది. అన్నీ బాగానే నడుస్తున్న నాస్ ఆరు నెలలకు ఉన్నట్టుండి కనిపించకుండా పోతుంది. అడ్మిన్ పేజీలో నాస్‌లకు కీ ఎక్స్‌పైరీ ఇప్పుడే ఆపేయండి. రెండోది, సినాలజీ కంపెనీ నాస్‌లను నడిపే డీఎస్ఎం 7 సాఫ్ట్‌వేర్‌లో మీరు నాస్‌లోకి వెళ్లగలరు గానీ నాస్ ఇంకో నాస్‌కు తనంతట తాను వెళ్లలేదు. టాస్క్ షెడ్యూలర్‌లో బూట్ కాగానే రూట్ యూజర్‌తో టెయిల్‌స్కేల్ 'కాన్ఫిగర్-హోస్ట్' నడిచి, ప్యాకేజీ రీస్టార్ట్ అయ్యేలా పెట్టాలి. బ్యాకప్ ఫెయిల్ అవుతుంటే ముందు ఇదే చూడండి.

అసలు తంటా కరెంటుతో. ఇన్వర్టర్ ఉంది కదా అనుకోవద్దు. కరెంటు పోయిందని అది నాస్‌కు చెప్పలేదు; నార్మల్ మోడ్‌లో ఉంటే మారే క్షణంలో డబ్బా రీస్టార్ట్ కూడా కావచ్చు. యూఎస్‌బీ పోర్టున్న 600 వీఏ యూపీఎస్ పెట్టండి. నాస్, రౌటర్, ఫైబర్ డబ్బా మూడూ దాని బ్యాటరీ సాకెట్లలోనే ఉండాలి. కరెంటు పోయిన 3 నిమిషాలకు నాస్ సేఫ్ మోడ్‌కు (పనులన్నీ ఆపి డిస్కులను భద్రంగా మూసే స్థితికి) పోయేలా పెట్టండి. ఇక్కడొక ఉచ్చు ఉంది. నాస్ ఆగాక, యూపీఎస్ ఇంకా బతికుండగానే కరెంటు వస్తే నాస్‌కు వచ్చే కరెంటు అసలు తెగనే లేదు కాబట్టి అది మళ్లీ లేవదు, అట్లాగే పడి ఉంటుంది. 'సేఫ్ మోడ్‌లో యూపీఎస్‌ను కూడా ఆపు', 'కరెంటు రాగానే మొదలవు' అన్న రెండు ఆప్షన్లూ ఆన్‌లో ఉండాలి. యూపీఎస్ ప్లగ్గు పీకి రెండుసార్లు పరీక్షించండి: ఒకసారి నాస్ ఆగిన నిమిషానికే తిరిగి పెట్టి, ఇంకోసారి గంట తర్వాత.

మొదటి కాపీ నెట్ మీద పంపొద్దు. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో 1 టీబీకి నాలుగున్నర రోజులు దాటుతుంది. రెండు డబ్బాలనూ ఒకే ఇంట్లో గిగాబిట్ వైరుతో కలిపితే రెండున్నర గంటల్లో అయిపోతుంది, తర్వాత ఒకదాన్ని బట్టల మధ్య సర్ది తీసుకుపోవచ్చు. ఆపైన మార్పులు మాత్రమే వెళ్తాయి. రాత్రి 1కి ఒక ఇల్లు, 2కి ఇంకోటి, 3కి మూడోది.

డిస్కులకు స్మార్ట్ టెస్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చూసుకునే పరీక్ష) నెలకోసారి. 5, 197, 198 నంబర్ల (డిస్కులో పాడైన, అనుమానపు చోట్ల లెక్కలు) ఎదురుగా సున్నా కాకుండా అంకె పెరుగుతుంటే కొత్త డిస్కు కొనే టైమొచ్చినట్టే. నల్లగొండ ఎండలకు అటక పనికిరాదు, స్లాబ్ వేడంతా డబ్బాకే. కింద, గోడకు జానెడు ఎడంగా పెట్టి 50 డిగ్రీలకు అలర్ట్ పెట్టండి. చచ్చిన డబ్బా మెయిల్ పంపలేదు కాబట్టి ఒక ఇంట్లో అప్‌టైమ్ కూమా (డబ్బాలు బతికున్నాయా అని చూసే ప్రోగ్రామ్) నడిపి మిగతా రెండింటినీ పలకరించమనండి. ఆ ఇంటిని చూడడానికి ఇంకో ఇంట్లో రెండోది.

అప్‌డేట్లు మూడింటికీ ఒకే రోజు వేయొద్దు. మీకు దగ్గరున్న ఇంట్లో ముందు, వారం తర్వాత మిగతావి. పెద్ద వెర్షన్ మార్పయితే దసరాకు ఊరికి పోయినప్పుడే. అప్పుడే ఒక పాత ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.

బయల్దేరే ముందు యూపీఎస్ స్విచ్చు మీద టేపు అతికించి మార్కర్‌తో రాయండి: "బంద్ చేయొద్దు". ఫైబర్ డబ్బా మీద ఇంకోటి: "ఎర్ర లైటు వెలిగితే కేబులాయనకు ఫోన్ చేయాలి, నాస్ ముట్టొద్దు".